నలభై టిక్కులు

ఉదయం కాఫీకి ముందు నా హెచ్‌ఎంటీ జనతా గడియారానికి కీ ఇవ్వడం నలభై ఏళ్లు దాటిన అలవాటు. కీ ఇచ్చాక చెవి దగ్గర పెట్టుకుని కాసేపు వింటాను. సెకనుకు 5 టిక్కులు, గంటకు 18,000. మా మనవడు దీన్ని ముసలితనపు చాదస్తాల్లో చేర్చేశాడు. వాడికి కాలం ఫోనులో అంకెగా కనిపిస్తుంది తప్ప చప్పుడుగా వినిపించదు. వాడి తప్పు కాదులెండి.

కిందటి జూలైలో వాడు సోఫా మీద పడుకుని ఫోనులో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం చూస్తున్నాడు. మూడు వారాలు కొండలూ గుట్టలూ ఎక్కి దిగి, చివరికి మొదటివాడికీ రెండోవాడికీ తేడా నాలుగైదు నిమిషాలేనా అని ఆశ్చర్యపోయాడు. ఒక ఏడాది ఎనిమిది సెకన్లే తేడా వచ్చింది అన్నాను. "ఎనిమిది నిమిషాలు అయి ఉంటుంది తాతా, సరిగ్గా గుర్తు తెచ్చుకో" అన్నాడు. సెకన్లతోనే సగం జీవితం కాపురం చేసినవాడితో అనే మాటా అది!

ఆ ఉక్రోషంలో కాగితం ముందేసుకున్నాను. ఆ ఎనిమిది సెకన్ల పందెంలోని అమెరికావాడు గ్రెగ్ లెమాండ్ గురించి రాద్దామని కూర్చుంటే కలం మాటిమాటికీ మా బావ వైపు పోతోంది. పోనీ, ఇద్దరూ ఉంటారు.

మాది హిందూపురం దగ్గర పల్లె. అక్కను బెంగళూరు సంబంధానికి ఇచ్చారు. బావకు జాలహళ్లిలో హెచ్‌ఎంటీ గడియారాల ఫ్యాక్టరీలో ఉద్యోగం, టూల్ రూమ్‌లో. ఆయన చలవతో 1979లో నేనూ అక్కడే అప్రెంటిస్‌గా చేరాను. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో మొదలైన ఫ్యాక్టరీ అది. చుట్టూ చెట్లు, లోపల దుమ్ము కణం కూడా పడకూడని గదులు, తెల్ల కోట్లు. పెళ్లిలో అల్లుడికి హెచ్‌ఎంటీ గడియారం పెట్టకపోతే అలకపాన్పు దిగని రోజులవి. మా ఊరి నుంచి ఎవరు వచ్చినా నన్ను పలకరించే మొదటి మాట "ఒక గడియారం ఇప్పించగలవా" అన్నదే.

నన్ను చివరికి టైమింగ్ విభాగంలో వేశారు. బిగించిన గడియారాన్ని యంత్రం మీద పెడితే అది టిక్కుల్ని విని, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకు పోతోందో, ఎన్ని సెకన్లు వెనకబడుతోందో కాగితం మీద చుక్కల వరుసగా చూపించేది. చుక్కలు పైకి ఎక్కితే గడియారం తొందరపడుతోందని, కిందికి దిగితే బద్ధకిస్తోందని. పట్టకారు మొనతో, వేగాన్ని సరిచేసే రెగ్యులేటర్‌ను వెంట్రుకవాసి జరిపి ఆ వరుసను అడ్డంగా తిన్నగా నడిపించాలి. డయల్ పైకి ఉంచితే ఒక లెక్క, కిందికి తిప్పితే ఇంకొక లెక్క, కీ నేల వైపు పెట్టి నిలబెడితే మూడో లెక్క. మనుషుల్లాగే గడియారం కూడా పడుకున్నప్పుడు ఒకలాగా నిలబడినప్పుడు ఒకలాగా ఉంటుందని మా పెద్దాయన అనేవాడు. రోజుకు 2 సెకన్ల తేడాలోకి ఒక గడియారాన్ని తెచ్చిన రోజు నేను మధ్యాహ్నం భోజనంలో ఒక ముద్ద ఎక్కువ తినేవాణ్ణి.

బావకు గడియారాల మీద అంత ప్రేమ లేదు. ఆయన ప్రేమంతా సైకిల్ మీద. సోడాబుడ్డి కళ్లద్దాలు, పొడుగు కాళ్లు, నల్లటి హెర్క్యులిస్. ఆదివారం తెల్లవారుజామున ఎవరూ లేవకముందే బయలుదేరి దేవనహళ్లి మీదుగా నంది కొండకు తొక్కేవాడు. గేర్లు లేని, ఇనుప కడ్డీల సైకిల్ మీద 1,478 మీటర్ల ఎత్తున్న కొండ అది. సగం దూరం తొక్కి, తక్కిన సగం నెట్టుకుంటూ పైకి చేరి, టీ తాగి, బ్రేకులు పట్టుకుంటూ దిగి, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేవాడు. అక్క ఏమీ అనేది కాదు. సైకిల్ మీద లేని ఆదివారాల్లో ఆయన ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ విప్పి బాగుచేసేవాడు. అందుకని ఆమెకు సైకిలే నయం.

1984 జనవరిలో ఫ్యాక్టరీ వార్షిక క్రీడల్లో సైకిల్ పందెం పెట్టారు. జాలహళ్లి నుంచి యలహంక దాకా పోయి తిరిగి రావాలి. రోడ్డు ఇరుకు, లారీలు తిరుగుతుంటాయి, అందర్నీ ఒక్కసారి వదిలితే ప్రమాదమని నిమిషానికి ఒకర్ని చొప్పున వదిలారు. ఎవరికి తక్కువ సమయం పడితే వారిది గెలుపు. ప్రపంచంలో పెద్ద పెద్ద పందేల్లో దీన్నే టైమ్ ట్రయల్ అంటారని అప్పటికి మాకెవరికీ తెలియదు. బావ ముందు రోజు రాత్రి మడ్‌గార్డులు, చైన్ కవర్, క్యారియర్, స్టాండు, బెల్లు అన్నీ విప్పేశాడు. హ్యాండిల్‌ను తలకిందులుగా తిప్పి బిగించాడు, వంగి తొక్కితే గాలి తక్కువ తగులుతుందని. అక్క ఆ సైకిల్‌ను చూసి "దీనికేం రోగం వచ్చింది?" అంది.

గడియారాల ఫ్యాక్టరీలో పందేనికి సమయం రాయడానికి మనుషులు కరువా? నన్ను రమ్మన్నారు. ముగింపు గీత దగ్గర స్టాప్ వాచ్ పట్టుకుని నిలబడ్డాను. బావ అందరికంటే ఆఖరున బయలుదేరాడు. అప్పటికి క్యాంటీన్‌లో పనిచేసే కుర్రాడిది 38 నిమిషాల 12 సెకన్లతో మొదటి స్థానం. బావ వచ్చాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి, నోరు తెరుచుకుని, ఆ తలకిందుల హ్యాండిల్ మీద వాలిపోయి. బొటనవేలితో నొక్కాను. కాగితం మీద 38 నిమిషాల 13 సెకన్లు అని రాశాను.

మొదటి బహుమతి గోడ గడియారం. రెండోది నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్.

బావ నాతో కోపంగా మాట్లాడలేదు. కాగితం నోటీసు బోర్డు మీద అంటించాక దాని ముందు చాలాసేపు నిలబడి చూశాడు. ఇంటికి వచ్చాక అక్కతో "నన్ను ఓడించింది నీ తమ్ముడి బొటనవేలు" అన్నాడు. ఆ మాటే తరువాత మా ఇంట్లో సామెత అయింది. పాలు పొంగినా, బస్సు తప్పినా నా బొటనవేలిదే తప్పు.

ఆ రోజుల్లో అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల వాళ్ల దగ్గర విదేశీ పత్రికలు దొరికేవి. ఎవరెవరో చదివి పారేసినవి, అట్టలు ఊడినవి. ఆ ఏడాది దీపావళి ముందు బావ అలాంటిదొకటి కొనుక్కొచ్చాడు. అందులో ఫ్రాన్స్ పందెం బొమ్మలు. పసుపు చొక్కా వేసుకున్న బంగారు జుట్టు కుర్రవాడు, గుండ్రటి కళ్లద్దాలతో. "చూడు, కళ్లద్దాలవాడు! కళ్లద్దాలతో కొండలెక్కి ప్రపంచాన్ని గెలిచాడు!" అని బావ ఆ పేజీని అక్కకు, నాకు, పక్కింటివాళ్లకు చూపించాడు. లోరాన్ ఫిన్యోన్. ఇంగ్లీషు అక్షరాలను బట్టి బావ "ఫిగ్నాన్" అని చదివాడు. అసలు పలుకుబడి తెలిసేనాటికి ఆ పేరు ఇంట్లో పాతుకుపోయింది. మాకు ఇప్పటికీ ఆయన ఫిగ్నానే. తోటి ఆటగాళ్లు ఆ కళ్లద్దాలు చూసే ఆయనను ప్రొఫెసర్ అనేవారు.

ఫిగ్నాన్ 1983లో పాల్గొన్న మొదటిసారే ఆ పందెం గెలిచాడు, 23 ఏళ్లు కూడా నిండకముందే. 1984లో మళ్లీ గెలిచాడు, రెండో స్థానంలో ఉన్న బెర్నార్ ఇనో కంటే పది నిమిషాలకు పైగా ముందు. ఆ ఏడాది మూడో స్థానం ఒక అమెరికావాడిది, ఫిగ్నాన్ జట్టువాడే. గ్రెగ్ లెమాండ్. బావ ఫిగ్నాన్‌ను తీసుకున్నాడు కాబట్టి నేను లెమాండ్‌ను తీసుకున్నాను. ఇందులో గొప్ప కారణం ఏమీ లేదు. బావమరిది అన్నవాడు ఎదురు పక్షంలో ఉండకపోతే కాపురాల్లో కళ ఉండదు. పైగా లెమాండ్ 1961లో పుట్టాడు. మా ఫ్యాక్టరీ ఈడువాడు.

తరువాత ఏళ్లలో పత్రికల్లో, పాత పుస్తకాల్లో అతని గురించి కనిపించిందల్లా పోగుచేశాను. కాలిఫోర్నియాలో పుట్టి నెవాడాలో పెరిగాడు. చలికాలం మంచు మీద జారే స్కీయింగ్ అతని అసలు పిచ్చి. ఎండాకాలంలో దానికి కాళ్లు తగ్గకుండా ఉండాలని సైకిల్ ఎక్కాడు. 1979లో జూనియర్ ప్రపంచ విజేత. 1981లో ఫ్రాన్స్‌లోని రెనో జట్టులో చేరాడు, సిరిల్ గిమార్ అనే గురువు కింద. 1983లో స్విట్జర్లాండ్‌లో ప్రపంచ విజేత అయి ఇంద్రధనుస్సు చారల చొక్కా వేసుకున్నాడు. యూరప్ బయటివాళ్లకు చోటు లేని ఆటలో, భాష రాని ఊళ్లో, ఇరవై ఏళ్లకే కాపురం పెట్టి నెగ్గుకొచ్చినవాడు. పొట్ట చేతపట్టుకుని పొరుగూరు వచ్చిన మాబోటివాళ్లకు ఆ భాగం వేరే చెప్పనక్కర్లేదు. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో సంతలో కన్నడం మాట్లాడబోయి ఏమేమి అన్నానో ఇక్కడ రాయను.

1985లో లెమాండ్ ఇనో జట్టులోకి మారాడు. ఇనో అప్పటికే నాలుగుసార్లు గెలిచిన పెద్ద తలకాయ. ఆ ఏడాది ముక్కు పగిలి, ఊపిరి ఆడక, కొండల్లో వెనకబడ్డాడు. ముందుకు పోగల సత్తా లెమాండ్‌కు ఉంది. జట్టు యజమానులు పోవద్దని ఆపారు. ఆగాడు. ఇనో అయిదోసారి గెలిచాడు, లెమాండ్ 1 నిమిషం 42 సెకన్ల తేడాతో రెండోవాడు. వచ్చే ఏడాది నీ గెలుపుకు నేను సాయం చేస్తానని ఇనో అందరి ముందూ మాట ఇచ్చాడు. 1986 వచ్చింది. పిరెనీస్ కొండలు మొదలైన రోజే ఇనో తానే ముందుకు దూకి, మొత్తం లెక్కలో లెమాండ్ కంటే అయిదు నిమిషాలకు పైగా ముందు నిలిచాడు. మర్నాడు కూడా దూకి, మధ్యలో చతికిలపడ్డాడు. లెమాండ్ ఆ రోజు గెలిచి, పోగొట్టుకున్నదంతా దాదాపు తిరిగి రాబట్టుకున్నాడు. చివరికి 3 నిమిషాల 10 సెకన్లతో అతనే విజేత, యూరప్ బయటి నుంచి వచ్చి గెలిచిన మొదటి మనిషి. ఇనో మాత్రం నేను అతన్ని రాటుదేల్చడానికే అలా చేశాను అన్నట్టు మాట్లాడాడు. ఉమ్మడి కుటుంబాల్లో పెద్దన్నలు ఆస్తి పంపకాల నాడు ఇలాంటి మాటలే చెబుతారు.

ఆపైన వచ్చింది 1987. ఏప్రిల్ 20న కాలిఫోర్నియాలో బంధువులతో కలిసి టర్కీ కోళ్ల వేటకు వెళ్లాడు లెమాండ్. పొదల్లో కదలిక చూసి కోడి అనుకుని అతని బ్రదర్-ఇన్-లా తుపాకీ పేల్చాడు. వీపంతా గుండ్లు. ఒంట్లో రక్తం సగానికి పైగా పోయింది. అదృష్టవశాత్తూ దగ్గర్లో ఉన్న పోలీసు హెలికాప్టర్ వచ్చి ఆస్పత్రికి చేర్చింది. ముప్పైకి పైగా సీసపు గుండ్లు తీయలేక ఒంట్లోనే వదిలేశారు, కొన్ని గుండె పొరలో.

ఆ వార్త చదివినప్పుడు మా ఇంట్లో పెద్ద మీమాంస. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటతో చిక్కు: కాల్చినవాడు బావా, బావమరిదా, తోడల్లుడా? మనకు మూడూ మూడు వేరు వేరు యుద్ధాలు. బావ మాత్రం వెంటనే తేల్చేశాడు. "బావమరిదే. బావమరుదులే అలాంటి పనులు చేస్తారు. ఈ దేశంలో తుపాకులు లేవు కాబట్టి బొటనవేలు వాడతారు."

నేను నవ్వేశాను. నవ్వాను గానీ లోపల ఏదో గుచ్చుకుంది. దాని సంగతి తరువాత.

రెండేళ్లు లెమాండ్ మళ్లీ మనిషి కాలేకపోయాడు. 1989 వేసవిలో ఇటలీ పందెంలో అతనిది 39వ స్థానం. అదే పందేన్ని గెలిచింది ఫిగ్నాన్. బావ ఆ వార్తను కత్తిరించి టూల్ రూమ్‌లో తన అల్మారా తలుపుకు అంటించాడు. "మీ వాడు రిటైరై కోళ్లు పెంచుకుంటే మంచిది" అని నాకు కబురు కూడా పంపాడు.

జూలైలో ఫ్రాన్స్ పందెం మొదలైంది. దినపత్రికలో చివరి నుంచి రెండో పేజీలో, గుర్రప్పందేల ఫలితాలకు కింద మూడు లైన్లు వచ్చేది. కొన్ని రోజులు అదీ లేదు. ఉదయం షిఫ్టుకు ముందే క్యాంటీన్‌లో పత్రిక నా చేతికి రావాలని అక్కడి కుర్రాడితో ఒప్పందం చేసుకున్నాను (గోడ గడియారం గెలిచిన కుర్రాడే). మొదటి రోజే ఒక వింత. ముందటేడు విజేత పెద్రో దెల్గాదో లక్సెంబర్గ్‌లో తన బయలుదేరే సమయానికి రాలేదు. 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. గడియారం అతని కోసం ఆగలేదు. ఆ ఆలస్యమంతా అతని ఖాతాలో పడింది. మూడు వారాల తరువాత అతను మూడో స్థానంలో తేలాడు. టైమింగ్ విభాగంలో ఈ వార్త విని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అతని చేతికి మా గడియారం ఉండి ఉంటే అనుకోనివాడు లేడు.

తక్కినదంతా ఇద్దరి మధ్యే. అయిదో అంచె (ఒక్కో రోజు పందెం ఒక్కో అంచె, అన్నిటి సమయమూ కూడి లెక్క), ఒంటరిగా గడియారంతో పోటీ పడే రోజు, లెమాండ్ గెలిచి 5 సెకన్ల ఆధిక్యంతో పసుపు చొక్కా వేసుకున్నాడు. పిరెనీస్‌లో ఫిగ్నాన్ దాన్ని లాక్కున్నాడు, తేడా 7 సెకన్లు. ఆల్ప్స్ మొదట్లో మళ్లీ లెమాండ్, 40 సెకన్లు. ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద మళ్లీ ఫిగ్నాన్, 26 సెకన్లు. మర్నాడు దాన్ని 50కి పెంచుకున్నాడు. ఒక పత్రిక అమ్మకాల కోసం 1903లో పుట్టించిన పందెం ఇది; ఆ పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది కాబట్టి 1919 నుంచి ముందున్నవాడికి పసుపు చొక్కా. ఆ చొక్కా రెండు ఒళ్ల మధ్య చాకలి మూటలాగా తిరుగుతుంటే జాలహళ్లిలో మేమిద్దరం చేయగలిగింది మూడు లైన్లు చదవడమే.

50 సెకన్లు. మిగిలింది ఒక్క రోజు, జూలై 23, ఆదివారం. వెర్సాయ్ నుంచి పారిస్ నడిబొడ్డు దాకా 24.5 కిలోమీటర్లు, ఒంటరి పందెం. అంత చిన్న దూరంలో 50 సెకన్లు పూడ్చడం అసాధ్యమని లోకమంతా అంది. శనివారం సాయంత్రం బావ మిఠాయి కొనిపెట్టాడు.

వార్త మాకు అందేసరికి రెండు రోజులు పట్టింది. ఆ ఉదయం క్యాంటీన్‌లో పత్రిక తెరిచి చూసి మూడుసార్లు చదివాను. అచ్చుతప్పేమో అనుకున్నాను. 80 అని ఉండాల్సిన చోట 8 పడిందేమో! లెమాండ్‌కు 26 నిమిషాల 57 సెకన్లు. ఫిగ్నాన్‌కు 27 నిమిషాల 55. తేడా 58. అందులోంచి 50 తీసేస్తే 8.

నా బల్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు మొదటి గంట నేను చేసిన పని ఫ్యాక్టరీకి ఏమీ కలిసి రాలేదు, ఇప్పుడు ఒప్పుకుంటే జీతం కోస్తారన్న భయం లేదు. కాగితం తీసుకుని లెక్క కట్టాను. మూడు వారాలు, 3,285 కిలోమీటర్లు, లెమాండ్ మొత్తం సమయం 87 గంటల 38 నిమిషాల 35 సెకన్లు. అంటే 3,15,515 సెకన్లు. జనతా గడియారం భాషలో 15,77,575 టిక్కులు. ఫిగ్నాన్ అంతకంటే 40 టిక్కులు ఎక్కువ తీసుకున్నాడు. దాన్నే మా యంత్రం చెప్పే రోజు లెక్కలోకి మార్చాను. రోజుకు 2 సెకన్ల తేడా, ఆపైన కాస్త.

రోజుకు రెండు సెకన్లు! నేను ఒక ముద్ద ఎక్కువ తినే గడియారం అది. ఈ ఇద్దరు మనుషులు, ఒకడి గుండె మీద సీసపు గుండ్లతో, ఇంకొకడి పిరుదు మీద పుండుతో (ఫిగ్నాన్ ఆ చివరి రోజుల్లో సీటు మీద కూర్చోలేకపోయాడని, ఎదుటివాడికి తెలియకూడదని దాచాడని తరువాత తెలిసింది), ఫ్రాన్స్ చుట్టూ తిరిగి ఒకే చేతి నుంచి వచ్చిన రెండు మంచి గడియారాల్లాగా నడిచారు. ఒకదాన్ని గెలిచింది అని, ఇంకొకదాన్ని ఓడింది అని ఎవరో రాశారు.

బావ దగ్గరకు మధ్యాహ్నం వెళ్లాను. నోరు విప్పలేదు. ఆయన అప్పటికే విన్నాడు. "హ్యాండిల్" అన్నాడు. లెమాండ్ హ్యాండిల్‌కు ముందు ఇంకొక కడ్డీ బిగించుకుని, రెండు చేతులూ దగ్గరగా చాపి, కొంగలాగా వంగి తొక్కాడని ఆ వార్త చివర్లో ఉంది. తలకు వెనక మొన తేలిన టోపీ. ఫిగ్నాన్ మామూలు పందెపు హ్యాండిల్‌తో, తలకు ఏమీ లేకుండా, పిలక గాలికి ఎగరేసుకుంటూ. "1984లో హ్యాండిల్ తిప్పింది ఎవరు? నేను. నాకు రెండో స్థానం. వాడికి పసుపు చొక్కా" అన్నాడు బావ. ఆ తరువాత మిఠాయి పొట్లం విప్పి నాకే ఇచ్చాడు.

లెమాండ్ ఆ తరువాతి నెలలో ఫ్రాన్స్‌లోనే షాంబెరీలో, వానలో రెండోసారి ప్రపంచ విజేత అయ్యాడు. 1990లో ఒక్క అంచె కూడా గెలవకుండా మూడోసారి ఫ్రాన్స్ పందెం గెలిచాడు. 1991లో ఏడో స్థానం. అక్కడి నుంచి అంతా దిగుడే. 1992లోనూ 1994లోనూ మధ్యలో దిగిపోయి, 1994 డిసెంబరులో సెలవు తీసుకున్నాడు. ఆ ఏళ్లలో గుంపు మొత్తం ఒక్కసారిగా ఎందుకంత వేగం పుంజుకుందో తరువాత బయటపడింది, రక్తాన్ని చిక్కబరిచే మందుల సంగతి. ఆపైన అమెరికావాళ్ల పేరుతో రాసిన గెలుపులన్నీ కొట్టేశారు, 2012లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌వి ఏడూ పోయాయి. జాబితాలో మిగిలిన అమెరికా పురుషుడు లెమాండ్ ఒక్కడే. మాకూ ఆ ఏళ్లు దిగుడే. బ్యాటరీ గడియారాల్లో సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క ముందు మా అయిదు టిక్కులు ఏ లెక్క? నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. గడియారాల కంపెనీని 2016లో మూసేశారు. ఇప్పుడు జాలహళ్లిలో మ్యూజియం ఉంది, మనవణ్ణి తీసుకెళ్లాను. "తాతా, నువ్వు ఏ అద్దం వెనక ఉండేవాడివి?" అని అడిగాడు.

ఆ చివరి రోజును మేము కళ్లతో చూసింది పద్దెనిమిదేళ్ల తరువాత, మా అబ్బాయి కంప్యూటర్‌లో. బావను పిలిపించాను. లెమాండ్ రెండు నిమిషాలు ముందు బయలుదేరాడు, దారిలో తన సమయం తనకు చెప్పవద్దని జట్టువాళ్లతో అన్నాడట. గంటకు 54.5 కిలోమీటర్ల సగటు. ముగించి పక్కన నిలబడి గడియారం వైపు చూస్తున్నాడు. ఫిగ్నాన్ ఇంకా వస్తున్నాడు. అతను 27 నిమిషాల 47 సెకన్లలో రావాలి. 47 దాటింది. బావ కుర్చీలో ముందుకు వంగాడు, తానే తొక్కుతున్నట్టు. గీత దాటిన ఫిగ్నాన్ కొద్ది దూరం పోయి నేల మీద కూలిపోయాడు, చుట్టూ కెమెరాలు. అక్క కాఫీ తెచ్చి, "ఎవరీ అబ్బాయి, ఇలా పడిపోయాడు?" అంది. బావ కళ్లద్దాలు తుడుచుకుంటూ "మనవాడే" అన్నాడు.

2010 ఆగస్టు 31న ఫిగ్నాన్ చనిపోయాడు, క్యాన్సర్‌తో, 50 ఏళ్లకు. పత్రికలన్నీ ఎనిమిది సెకన్ల గురించే రాశాయి. రెండుసార్లు గెలిచినవాడు అన్నది రెండో పేరాలో. బావ ఆ పత్రికను మడిచి పక్కన పెట్టి ఆ రోజంతా ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదని అక్క చెప్పింది.

ఇక బొటనవేలి సంగతి.

1984లో నా చేతిలో ఉన్న స్టాప్ వాచ్‌లో సెకనుకు అయిదు గీతలు ఉండేవి. భిన్నాలు వదిలేసి పూర్తి సెకన్లు మాత్రమే రాయమని చెప్పారు. క్యాంటీన్ కుర్రాడికి ముల్లు 12 సెకన్లు దాటి నాలుగో గీత మీద నిలిచింది. వదిలేసి 12 అని రాశాను. బావకు 12 దాటి రెండో గీత మీద నిలిచింది. అదే నియమం ప్రకారం 12 అని రాయడం మొదలుపెట్టాను కూడా. అప్పుడు చుట్టూ ఉన్న మొహాలు చూశాను. తన బావ కాబట్టి సమం చేశాడు అంటారు. 2ను 3గా దిద్దాను. గీతల లెక్కన అయితే బావ రెండు టిక్కులు ముందు. నా వేలి ఆలస్యం అంతకంటే ఎక్కువే ఉండి ఉంటుంది కాబట్టి అసలు నిజం ఆ వాచ్‌కు కూడా తెలియదు. అయినా రాయాల్సింది 12. నేను రాసింది 13.

మనవడితో ఆ గొడవ అయిన ఆదివారమే అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. బావకు ఇప్పుడు 78. మోకాళ్లు పోయాయి, సైకిల్ మేడ మీద ఉంది. నలభై ఏళ్ల పైమాట, చెప్పేశాను. ఆయన పేపరు మడిచాడు.

"తెలుసు" అన్నాడు. "నోటీసు బోర్డు మీద చూశాను. ఆ 3 పొట్టలో 2 ఉంది. నీ సిరా నీలం, దిద్దినచోట నల్లబడింది."

"మరి అప్పుడే అడగలేదేం బావా?"

"అడిగితే ఏమయ్యేది? ఇద్దరికీ సమం అనేవాళ్లు. చీటీ వేసేవాళ్లు. నాకు గోడ గడియారం వచ్చేది." చుట్టూ గోడల వైపు చేయి తిప్పాడు. "మన ఇంట్లో గడియారాలకు కరువా? మీ అక్కకు క్యారియర్ కావాలని సంక్రాంతి నుంచి పోరుతోంది."

అక్క వంటింట్లోంచి విన్నది. వచ్చేటప్పుడు అదే క్యారియర్‌లో ఉలవచారు, అన్నం, గోంగూర పెట్టి ఇచ్చింది. మూడో గిన్నెకు చెవి ఒకటి వదులైంది. అది బిగించి పంపకపోతే ఊరుకోనని బావ మెట్ల మీద నుంచి కేకేశాడు.